పరాయిదాన్ని పోల్చుకునే జన్యువులు: చేపల్లో, క్షీరదాల్లో



చెరువులో ఈదుతున్న ఒక చేపను ఊహించుకోండి. అది నోరు తెరిచిన ప్రతిసారీ నీరు లోపలికి పోయి, మొప్పల మీదుగా బయటికి వస్తుంది. ఆ నీటిలో ఏముంటాయి? ఒక్క మిల్లీలీటరు సముద్రపు నీటిలోనే సుమారు 10 లక్షల బాక్టీరియాలు ఉంటాయి. వైరసులు వాటికి దాదాపు పది రెట్లు. మొప్పల పొర చాలా పలుచనిది. బయటి నీటికీ లోపలి రక్తానికీ మధ్య ఉండేది కొద్దిపాటి కణాల మందమే. ఇన్ని సూక్ష్మజీవుల మధ్య బతుకుతూ కూడా చేపలు కోట్ల సంవత్సరాలుగా నిలిచి ఉన్నాయి. ఇది ఎలా సాధ్యమయింది?

తనది ఏదో, పరాయిది ఏదో పోల్చుకోగలిగిన శరీరమే రోగాన్ని తట్టుకుంటుంది. పోల్చుకునే పని చేసేవి కణాల మీదా, రక్తంలోనూ ఉండే కొన్ని ప్రోటీన్లు. వాటి తయారీకి కావలసిన సమాచారం జన్యువుల్లో ఉంటుంది. ఈ ప్రసంగంలో ఆ జన్యువుల చరిత్రను తెలుసుకుందాం. నిజానికి ఇవి రెండు చరిత్రలు. ఒకటి, సుమారు 50 కోట్ల సంవత్సరాలుగా ప్రాణుల శరీరాల్లో జరిగినది. రెండవది, గడచిన 140 ఏళ్లలో శాస్త్రజ్ఞులు దాన్ని కొద్దికొద్దిగా వెలికితీసిన తీరు.

ముందుగా ఒక విషయం ఒప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ పాఠం చెప్పేటప్పుడు నేను నల్లబల్ల మీద మెట్ల వరుస ఒకటి గీసేదాన్ని. కింది మెట్టు మీద చేప, ఆ పైన కప్ప, ఆ పైన పక్షి, అన్నిటికన్నా పైన మనిషి. ఒక్కో మెట్టు ఎక్కేకొద్దీ రోగనిరోధక వ్యవస్థ మెరుగుపడుతూ వచ్చిందని చెప్పేదాన్ని. విద్యార్థులు అదే బొమ్మను పరీక్షల్లో గీసి మార్కులు తెచ్చుకునేవారు. ఆ బొమ్మ తప్పు. ఎందుకు తప్పో ఈ ప్రసంగం ముగిసేలోగా మీకే అర్థమవుతుంది.

మింగే కణాలు, రక్తంలోని ప్రతిదేహాలు

1882లో రష్యన్ జంతుశాస్త్రజ్ఞుడు ఎల్యా మెచ్నికోవ్ ఇటలీలోని మెస్సీనా పట్టణంలో ఉన్నాడు. పారదర్శకంగా ఉండే సముద్ర నక్షత్రపు డింభకాలను సూక్ష్మదర్శిని కింద గమనిస్తున్నాడు. ఒకరోజు వాటి శరీరంలోకి చిన్న ముళ్ళు గుచ్చి వదిలేశాడు. మర్నాడు ఉదయం చూస్తే ముల్లు చుట్టూ కదిలే కణాలు గుమికూడి ఉన్నాయి. పరాయి వస్తువును చుట్టుముట్టి మింగే కణాలే శరీరానికి రక్షకులని ఆయన నిర్ణయించాడు. వీటినే మనం భక్షక కణాలు అంటున్నాం.

1890లో బెర్లిన్‌లో ఎమిల్ వాన్ బేరింగ్, కితసాటో షిబసబురో మరో సంగతి నిరూపించారు. ధనుర్వాతపు విషాన్ని తట్టుకున్న జంతువు రక్తరసిని మరో జంతువుకు ఎక్కిస్తే దానికి కూడా రక్షణ వస్తుంది. అంటే రక్తంలోనే ఏదో రక్షక పదార్థం ఉందన్నమాట. అవే ప్రతిదేహాలు, వాడుకలో యాంటీబాడీలు. పాల్ ఎర్లిష్ 1897లో వీటికి ఒక వివరణ ఇచ్చాడు. కణాల ఉపరితలం మీద రకరకాల గ్రాహకాలు ముందే ఉంటాయనీ, తాళానికి తాళంచెవి సరిపోయినట్లు విషానికి సరిపోయిన గ్రాహకం దాన్ని పట్టుకుంటుందనీ, అటువంటి గ్రాహకాలే ఎక్కువగా తయారై రక్తంలోకి విడుదలవుతాయనీ చెప్పాడు.

రక్షణ కణాలదా, రక్తరసిదా అని రెండు వర్గాలు చాలాకాలం వాదించుకున్నాయి. 1908లో నోబెల్ బహుమతిని మెచ్నికోవ్, ఎర్లిష్‌లకు కలిపి ఇచ్చారు. దాదాపు వందేళ్ల తరువాత, 2006లో, ట్రౌట్ చేపలో ప్రతిదేహాలను తయారుచేసే బి కణాలు సూక్ష్మజీవులను మింగగలవు కూడా అని తేలింది. రెండు వర్గాలు వాదించుకున్న రెండు పనులూ చేపలో ఒకే కణం చేస్తోంది!

20 వేల జన్యువులు, లెక్కలేనన్ని తాళంచెవులు

ఎర్లిష్ వివరణతో ఒక చిక్కు వచ్చింది. కార్ల్ లాండ్‌స్టైనర్ ప్రయోగశాలలో కృత్రిమంగా తయారైన రసాయనాలను జంతువులకు ఎక్కించి చూశాడు. ప్రకృతిలో ఎన్నడూ లేని ఆ పదార్థాలకు కూడా శరీరం ప్రతిదేహాలను తయారుచేసింది. ఎప్పుడూ చూడని తాళానికి తాళంచెవి ముందే ఎలా సిద్ధంగా ఉంది?

1957లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు మెక్‌ఫార్లేన్ బర్నెట్ ఒక సమాధానం ఇచ్చాడు. ఒక్కో లింఫోసైట్ కణం ఒక్కో రకం ప్రతిదేహాన్నే తయారుచేస్తుంది. శరీరంలో ఇలాంటి కణాలు కోట్ల రకాలుంటాయి. ఏదైనా సూక్ష్మజీవి లోపలికి వచ్చినప్పుడు దానికి సరిపోయిన కణమే ఎంపికై విభజన చెంది సైన్యంగా పెరుగుతుంది. దీన్నే క్లోనల్ వరణ సిద్ధాంతం అంటారు. టీకాలు పనిచేసే తీరుకు ఆధారం ఇదే.

అయినా సమస్య తీరలేదు. మనిషికి ప్రోటీన్లను తయారుచేసే జన్యువులు సుమారు 20 వేలు మాత్రమే. కోట్ల రకాల ప్రతిదేహాలకు కోట్ల జన్యువులు ఎక్కడి నుంచి వస్తాయి? 1965లో విలియం డ్రేయర్, క్లాడ్ బెన్నెట్ ఒక సాహసమైన ఊహ చేశారు. ప్రతిదేహంలోని ఒకే గొలుసును రెండు వేర్వేరు జన్యువులు కలిసి తయారుచేస్తాయని అన్నారు. అప్పటి జీవశాస్త్రంలో ఒక జన్యువుకు ఒక ప్రోటీన్ గొలుసు అనేది దాదాపు సూత్రం. అందుకే ఆ ఊహను చాలామంది నమ్మలేదు.

1976లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ రోగనిరోధక శాస్త్ర సంస్థలో సుసుము టోనెగావా, నొబుమిచి హొజుమి దీన్ని ప్రయోగంతో తేల్చారు. ఎలుక పిండంలోని డి.ఎన్.ఎ.నూ, ప్రతిదేహాలు తయారుచేసే కణంలోని డి.ఎన్.ఎ.నూ పోల్చి చూశారు. పిండంలో దూరదూరంగా ఉన్న ముక్కలు రెండవదానిలో దగ్గరికి చేరి ఉన్నాయి. అంటే లింఫోసైట్ పెరిగే సమయంలో తన డి.ఎన్.ఎ.ను తానే కత్తిరించి అతికించుకుంటోంది. 1987లో టోనెగావాకు నోబెల్ బహుమతి లభించింది.

ఒక చిన్న లెక్క వేద్దాం. మనిషి ప్రతిదేహపు బరువైన గొలుసుకు పనికివచ్చే వి ముక్కలు సుమారు 40, డి ముక్కలు సుమారు 23, జె ముక్కలు 6. ఒక్కోదాని నుంచి ఒకటి తీసుకుంటే 40ని 23తో, దాన్ని 6తో హెచ్చవేయగా 5,520 రకాలు వస్తాయి. తేలిక గొలుసులు సుమారు 320 రకాలుగా ఏర్పడగలవు. ఈ రెంటినీ కలిపితే 17 లక్షలకు పైగా రకాలవుతాయి. ముక్కలు అతికేచోట అక్షరాలు కలవడం, తొలగడం వల్ల ఈ సంఖ్య ఇంకా ఎన్నో రెట్లు పెరుగుతుంది. మన లిపిలో యాభై పైచిలుకు అక్షరాలతోనే లక్షల పదాలు రాయగలుగుతున్నాం కదా, ఇది కూడా అటువంటిదే.

లోపలి సంగతిని బయటికి చూపే అణువులు

ప్రతిదేహాలు బయట తిరిగే శత్రువును పట్టుకోగలవు. వైరస్ కణం లోపల దాక్కుంటే ఎలా? ఇక్కడ రెండవ రకం గుర్తింపు జన్యువుల కథ మొదలవుతుంది.

1936 ప్రాంతంలో లండన్‌లో పీటర్ గోరర్ ఎలుకల్లో కణితుల అంటును అంగీకరించడం, తిరస్కరించడం గురించి పరిశోధిస్తూ ఒక ముఖ్యమైన ప్రతిజనకాన్ని కనుగొన్నాడు. అమెరికాలో జార్జ్ స్నెల్ దాని జన్యువుల స్థానాన్ని వివరంగా అధ్యయనం చేశాడు. 1958లో పారిస్‌లో జాఁ దోసే మనుషుల్లో అటువంటిదాన్ని గుర్తించాడు. వీటన్నిటినీ కలిపి ముఖ్య కణజాల అనుగుణ్యత సముదాయం అంటారు. పొట్టిగా ఎం.హెచ్.సి. మనుషుల్లో దీని పేరు హెచ్.ఎల్.ఎ. అవయవ మార్పిడిలో దాత, గ్రహీత సరిపోతారా అని చూసేది దీనినే.

అయితే ప్రకృతిలో ఒకరి మూత్రపిండం మరొకరికి అమర్చేవారెవరూ లేరు. మరి ఈ జన్యువులు ఎందుకున్నాయి? 1974లో ఆస్ట్రేలియాలోని కాన్‌బెరాలో రోల్ఫ్ జింకర్‌నాగెల్, పీటర్ డోహర్టీ దీనికి జవాబు కనుక్కున్నారు. టి లింఫోసైట్ వైరస్‌ను నేరుగా చూడదు. కణం తనలోని ప్రోటీన్ల చిన్న ముక్కలను ఎం.హెచ్.సి. అణువు మీద పెట్టి బయటికి చూపుతుంది. ఎం.హెచ్.సి.నీ, దాని మీద ఉన్న ముక్కనూ కలిపి చూసినప్పుడే టి కణం పరాయిదాన్ని పోల్చుకుంటుంది. వీరికి 1996లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఎం.హెచ్.సి.లో రెండు ప్రధాన తరగతులున్నాయి. మొదటి తరగతి అణువులు దాదాపు అన్ని కణాల మీద ఉండి లోపలి ప్రోటీన్ల ముక్కలను చూపుతాయి. రెండవ తరగతి అణువులు కొన్ని రక్షక కణాల మీద ఉండి, బయటి నుంచి మింగిన వాటి ముక్కలను చూపుతాయి. 1990లో జపాన్ శాస్త్రజ్ఞులు ఈ జన్యువులను మొదటిసారిగా ఒక చేపలో గుర్తించారు. ఆ చేప మన రైతులు బంగారుతీగ అని పిలిచే కామన్ కార్ప్.

ఆ తరువాత ఒక విచిత్రం బయటపడింది. మనుషుల్లో ఈ రెండు తరగతుల జన్యువులూ ఒకే క్రోమోజోము మీద పక్కపక్కన ఉంటాయి. బంగారుతీగ, జీబ్రా చేప వంటి అస్థి చేపల్లో వేర్వేరు క్రోమోజోముల మీద ఉంటాయి. మెట్ల బొమ్మ ప్రకారమైతే, మొదట విడివిడిగా ఉండి మనిషి దాకా వచ్చేసరికి ఒకచోట చేరాయని అనుకోవాలి. కానీ అస్థి చేపల కంటే ముందే వేరుపడిన సొరచేపల్లో చూస్తే అవి పక్కపక్కనే ఉన్నాయి. అంటే పాత అమరికను నిలుపుకున్నది మనమూ, సొరచేపలూ. మార్చుకున్నది అస్థి చేపలు.

సొరచేప చెప్పిన సాక్ష్యం

ప్రతిదేహాల జన్యువులు కూడా సొరచేపలో ఆశ్చర్యం కలిగించాయి. 1986లో అమెరికా శాస్త్రజ్ఞులు గ్యారీ లిట్‌మన్, కె.ఆర్. హిండ్స్ హార్న్ షార్క్ అనే చిన్న సొరచేప జన్యువులను పరిశీలించారు. మనలో వి ముక్కలన్నీ ఒక వరుస, డి ముక్కలు ఒక వరుస, జె ముక్కలు ఒక వరుస. సొరచేపలో అలా కాదు. ఒక వి, డి ముక్కలు, ఒక జె, వాటి వెనుక స్థిర భాగం కలిసి ఒక చిన్న జట్టుగా ఉంటాయి. ఇటువంటి జట్లు ఎన్నో ఉన్నాయి. వాటిలో కొన్ని పుట్టుకతోనే అతికి ఉంటాయని తరువాత తెలిసింది. పని ఒకటే, ఏర్పాటు వేరు.

ఇంతకీ ఈ ముక్కలను కత్తిరించేది ఎవరు? 1989లో డేవిడ్ షాట్జ్, మార్జొరీ ఓటింగర్, డేవిడ్ బాల్టిమోర్ రాగ్-1 అనే జన్యువును, మరుసటి ఏడాది దాని పక్కనే ఉన్న రాగ్-2ను కనుగొన్నారు. ఈ రెండు జన్యువుల ప్రోటీన్లే కత్తెరలు. సొరచేప నుంచి మనిషి దాకా దవడలున్న సకశేరుకాల వంశమంతటా ఇవి కనిపిస్తాయి. దవడలు లేని లాంప్రేల్లో కనిపించవు. ఇంత ముఖ్యమైనవి ఒక్కసారిగా ఎక్కడి నుంచి ఊడిపడ్డాయి?

బార్బరా మెక్‌క్లింటాక్ 1940లలో మొక్కజొన్నలో కనుగొన్న గెంతే జన్యువులను గురించి మీరు చదివే ఉంటారు. అవి డి.ఎన్.ఎ.లో ఒకచోటి నుంచి ఊడివచ్చి మరోచోట దూరుతాయి. ప్రతిదేహపు ముక్కల చివర ఉండే గుర్తులు ఈ గెంతే జన్యువుల కొసలను పోలి ఉన్నాయని టోనెగావా బృందం 1979లోనే గమనించింది. 1998లో రెండు ప్రయోగశాలలు వేర్వేరుగా రాగ్ ప్రోటీన్లు ఒక డి.ఎన్.ఎ. ముక్కను కత్తిరించి, మరో డి.ఎన్.ఎ.లో చొప్పించగలవని పరీక్షనాళికలో చూపించాయి. 2016లో ఆంఫియాక్సస్ అనే చిన్న సముద్రజీవిలో అసలు సాక్ష్యం దొరికింది. దానిలో రాగ్-1, రాగ్-2లను పోలిన జన్యువులు, రెండు వైపులా గెంతే జన్యువుల కొసలతో సహా ఉన్నాయి. శాస్త్రజ్ఞులు దానికి ప్రోటోరాగ్ అని పేరు పెట్టారు.

దీని అర్థం ఏమిటి? ఎప్పుడో మన పూర్వికులైన ఒక జలచరంలో గెంతే జన్యువు ఒకటి గుర్తింపు గ్రాహకపు జన్యువు మధ్యలో దూరింది. ఆ జన్యువు రెండు ముక్కలైంది. మామూలుగా ఇది నష్టమే. కానీ ఆ ముక్కలు తిరిగి అతికేటప్పుడు ప్రతి కణంలోనూ కొంచెం తేడాగా అతకడంతో, ఒకే జన్యువు నుంచి అనేక గ్రాహకాలు వచ్చాయి. ఇలా చొరబాటుదారుగా వచ్చినది కాపలాదారుగా మారిపోయింది. ఈ రోజు మీరు వేయించుకునే ప్రతి టీకా పనిచేయడానికి కారణం ఆ పాత ప్రమాదమే.

లాంప్రే నడిచిన వేరే దారి

లాంప్రే, హాగ్‌ఫిష్ దవడలు లేని చేపలు. వాటి వంశం సుమారు 50 కోట్ల ఏళ్ల క్రితమే మన వంశం నుంచి వేరుపడింది. వీటికి లింఫోసైట్లను పోలిన కణాలున్నాయి. పరాయి పదార్థం ఎక్కిస్తే స్పందిస్తాయి. కానీ ఎంత వెదికినా మన ప్రతిదేహాల జన్యువులు మాత్రం వాటిలో దొరకలేదు. మెట్ల బొమ్మ గీసేవారికి ఇది అనుకూలమైన సంగతి. అట్టడుగు మెట్టు కాబట్టి ఇంకా ఏర్పడలేదని అనుకున్నారు.

మాక్స్ కూపర్ అనే అమెరికా వైద్య శాస్త్రజ్ఞుడు 1965లో కోడిపిల్లల మీద ప్రయోగాలు చేసి, లింఫోసైట్లలో రెండు తెగలున్నాయని చూపించినవాడు. ఈనాడు మనం టి కణాలు, బి కణాలు అంటున్నవి అవే. దాదాపు 40 ఏళ్ల తరువాత ఆయన లాంప్రేల వైపు దృష్టి మళ్ళించాడు. ఆయన, జీవ్ పాన్సర్, వారి సహచరులు లాంప్రే డింభకాలకు బాక్టీరియాలు ఎక్కించి, ఉత్తేజితమైన లింఫోసైట్లు ఏ జన్యువులను వాడుతున్నాయో చూశారు. మన జన్యువులు అక్కడ ఉన్నాయా అని కాకుండా, అక్కడ ఏమున్నాయి అని అడిగారు. 2004లో ఫలితం ప్రచురితమైంది. లాంప్రేకు తనదైన గ్రాహకాలున్నాయి. వాటి నిర్మాణానికి, మన ప్రతిదేహాల నిర్మాణానికి పోలికే లేదు. లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉన్న ముక్కలు మళ్ళీమళ్ళీ వచ్చి గుర్రపు నాడాలా వంగి ఉంటాయి. జన్యువుకు అటూ ఇటూ ఉన్న వందలాది ముక్కల్లో నుంచి కొన్నింటిని నకలు తీసుకుంటూ ప్రతి కణం తన గ్రాహకాన్ని తానే కూర్చుకుంటుంది. రాగ్ కత్తెరలతో పనిలేదు.

2009లో మరో విషయం తెలిసింది. లాంప్రేలో కూడా ఒక తెగ కణాలు మన టి కణాల్లా, మరో తెగ కణాలు మన బి కణాల్లా ప్రవర్తిస్తాయి. రెండు తెగల ఏర్పాటు పాతది. వాటి చేతికిచ్చిన ఆయుధాలు మాత్రం రెండు వంశాల్లో వేర్వేరుగా పుట్టాయి. కాబట్టి లాంప్రే మనకు కింది మెట్టు కాదు. మరో కొమ్మ.

ఇటువంటి సారూప్య పరిణామానికి మరో రెండు ఉదాహరణలు చూడండి. మన పేగుల్లో కాపలా కాసే ప్రతిదేహం ఐజీఏ. చేపలకు ఐజీఏ లేదు. 2005లో చేపల్లో ఐజీటి అనే వేరే రకం దొరికింది. ట్రౌట్ చేప పేగుల్లో ఆ కాపలా పని చేసేది అదేనని 2010లో తేలింది. అలాగే 1993లో ఒంటెల్లో, 1995లో సొరచేపల్లో తేలిక గొలుసు లేకుండా బరువైన గొలుసుతోనే పనిచేసే ప్రతిదేహాలు బయటపడ్డాయి. ఈ రెండూ విడివిడిగా ఏర్పడినవే. ఒంటె జాతి ప్రతిదేహాల నమూనాతో చేసిన చిన్న ప్రతిదేహాలనే నానోబాడీలు అంటున్నాం. వాటిలో మొదటి మందుకు 2018లో ఐరోపాలో అనుమతి లభించింది.

పోగొట్టుకుని కూడా బతికినవి

మనిషిలో రాగ్ జన్యువులు పూర్తిగా చెడితే టి కణాలూ, బి కణాలూ తయారుకావు. అటువంటి లోపంతో పుట్టిన బిడ్డ చిన్న చిన్న అంటురోగాలకు కూడా తట్టుకోలేదు. ఎముక మజ్జ మూలకణాల మార్పిడి వంటి చికిత్స అందకపోతే బతకడం కష్టం. ఎం.హెచ్.సి. రెండవ తరగతి అణువులు లేకుండా పుట్టినా ప్రమాదమే. అందుచేత ఈ జన్యువులు లేకుండా ఏ సకశేరుకమూ బతకలేదని చాలాకాలం అనుకున్నాం.

2011లో నార్వే శాస్త్రజ్ఞులు అట్లాంటిక్ కాడ్ చేప జన్యుపటాన్ని ప్రచురించారు. కాడ్‌కు టీకా వేస్తే ప్రతిదేహాల స్పందన బలహీనంగా ఉంటుందని అంతకు ముందే గమనించారు. కారణం ఇప్పుడు తెలిసింది. కాడ్‌లో ఎం.హెచ్.సి. రెండవ తరగతి జన్యువులే లేవు. వాటితో కలిసి పనిచేసే సీడీ-4 గ్రాహకం కూడా లేదు. దానికి బదులు మొదటి తరగతి జన్యువులు ఎన్నో రెట్లు పెరిగి ఉన్నాయి. ఈ నష్టం ఒక్క కాడ్‌ది కాదనీ, దాని బంధుజాతుల ఉమ్మడి పూర్వికుల్లో సుమారు 10 కోట్ల ఏళ్ల క్రితం జరిగిందనీ 2016లో 66 చేపల జన్యుపటాలను పోల్చి తేల్చారు. ఆ చేపలు అంతరించిపోలేదు సరికదా, ఉత్తర సముద్రాల నిండా విస్తరించాయి.

2020లో ఇంకా వింతైన సంగతి వెలుగులోకి వచ్చింది. లోతైన సముద్రాల్లో ఉండే ఆంగ్లర్ చేపల్లో మగది చాలా చిన్నది. కొన్ని జాతుల్లో అది ఆడచేపను కొరికి పట్టుకుని, దాని శరీరంలో శాశ్వతంగా కలిసిపోతుంది. రక్తప్రసరణ కూడా ఒకటవుతుంది. మనలో పరాయి అవయవాన్ని నిలబెట్టడానికి జీవితాంతం మందులు వాడాలి. ఈ చేపలు ఏ మందు లేకుండా ఎలా కలిసిపోతున్నాయి? కొన్ని జాతులు రాగ్ జన్యువులతో సహా టి, బి కణాలకు అవసరమైన జన్యువులనే పోగొట్టుకున్నాయి. అయినా సూక్ష్మజీవుల నుంచి తమను కాపాడుకుంటున్నాయంటే, వాటి సహజ నిరోధకత ఆ భారాన్ని మోస్తోందని భావించాలి.

సహజ నిరోధకత అంటే పుట్టుకతో వచ్చే పాత కాపలా. 1996లో ఈగల్లో టోల్ అనే గ్రాహకానికి ఉన్న రక్షక పాత్ర తెలిసింది. ఆ కోవకు చెందిన గ్రాహకాలు మనలో పది రకాలున్నాయి. 2006లో ప్రచురితమైన సీ అర్చిన్ జన్యుపటంలో అటువంటి జన్యువులు 222 కనిపించాయి. ప్రతిదేహాలు లేని జీవి పాత కాపలాదార్ల సంఖ్యనే పెంచుకుంది. గుర్తింపు అవసరం అందరిదీ. దాన్ని తీర్చుకునే దారులు మాత్రం అనేకం.

వైవిధ్యమే కవచం

ఇక్కడ మన దేశంలో చివరి రోజులు గడిపిన ఒక శాస్త్రజ్ఞుణ్ణి తలచుకోవాలి. జె.బి.ఎస్. హాల్డేన్ 1957లో భారతదేశానికి వచ్చి, ఇక్కడి పౌరసత్వం తీసుకుని, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. ఆయన 1949లో ప్రచురించిన ఒక వ్యాసంలో, అంటురోగాలు పరిణామాన్ని నడిపించే ముఖ్యశక్తి అనీ, సూక్ష్మజీవి ఎక్కువగా కనిపించే రకానికి అలవాటు పడుతుంది కాబట్టి అరుదైన రకానికి మేలు జరుగుతుందనీ వాదించాడు. అప్పటికి ఎం.హెచ్.సి. పని ఏమిటో ఎవరికీ తెలియదు.

నేడు హెచ్.ఎల్.ఎ. జన్యువులకు 30 వేలకు పైగా రూపాంతరాలు నమోదై ఉన్నాయి. వీటిలో కొన్ని వంశాలు మనిషి, చింపాంజీ వేరుపడక ముందే పుట్టి, ఇప్పటికీ రెంటిలోనూ కొనసాగుతున్నాయి. ఒక్కో రూపాంతరం కొన్ని రోగకారకాల ముక్కలను బాగా చూపుతుంది, కొన్నింటిని చూపలేదు. అందరిదీ ఒకటే అయితే దాన్ని తప్పించుకున్న ఒక్క వైరస్ అందరినీ తుడిచిపెట్టగలదు. జర్మనీలో స్టికిల్‌బ్యాక్ చేపల మీద జరిగిన పరిశోధన 2003లో మరో కోణం చూపింది. ఈ జన్యువుల రకాలు మరీ తక్కువ ఉన్న చేపలకూ, మరీ ఎక్కువ ఉన్న చేపలకూ పరాన్నజీవుల బెడద ఎక్కువ. మధ్యస్థంగా ఉన్నవే ఆరోగ్యంగా ఉన్నాయి.

ఈ వైవిధ్యానికి మనం ఒక మూల్యం చెల్లిస్తున్నాం. రక్త క్యాన్సర్ వచ్చిన బిడ్డకు మజ్జ దానం చేయాలంటే, సొంత అన్నకో చెల్లెలికో కూడా హెచ్.ఎల్.ఎ. పూర్తిగా సరిపోయే అవకాశం నాలుగింట ఒకటే. సరిపోయే దాత కోసం ఆ కుటుంబం పడే ఆవేదన చిన్నది కాదు. అయితే ఆ ఒక్క వ్యక్తికి అడ్డంకి అయిన తేడాలే జాతి మొత్తానికి రక్షణ. ఈ రెండు సంగతులూ నిజమే. ఒకదాని కోసం రెండవదాన్ని మరచిపోకూడదు.

మనకు దీనితో పని ఏమిటి?

నార్వేలో 1987లో సాల్మన్ చేపల పెంపకంలో దాదాపు 50 టన్నుల యాంటీబయాటిక్ మందులు వాడారు. చేపలకు కూడా రోగాలను గుర్తుంచుకునే లింఫోసైట్లు ఉన్నాయన్న జ్ఞానంతో టీకాలు తయారుచేసి, ఒక్కో పిల్లచేపకూ వేయడం మొదలుపెట్టారు. ఆ తరువాత ఉత్పత్తి ఎన్నో రెట్లు పెరిగినా, మందుల వాడకం 99 శాతానికి పైగా తగ్గింది. చేపల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశంలో మొదటి స్థానంలో ఉంది. మన చెరువుల్లోని శీలావతికీ, బొచ్చెకూ కూడా బి కణాలు, టి కణాలు, ఎం.హెచ్.సి. ఉన్నాయి. పక్క చెరువులోని రొయ్యకు మాత్రం ప్రతిదేహాలు లేవు. అది వెన్నెముక లేని జీవి, సహజ నిరోధకతతోనే నెట్టుకువస్తుంది. చేపకు వేసే టీకా రొయ్యకు అదే విధంగా పనిచేస్తుందని ఆశించలేం. ఏ జీవికి ఏ గుర్తింపు జన్యువులున్నాయో తెలియకుండా మందులు గుమ్మరిస్తే, మందులకు లొంగని బాక్టీరియాలు పెరిగి చివరకు మన పిల్లల మీదికే వస్తాయి.

విద్యార్థులారా! ఇంతవరకు తెలుసుకున్నదాన్ని కలిపి చూడండి. గుర్తింపు జన్యువులు ఒక ప్రణాళిక ప్రకారం కింది నుంచి పైకి మెరుగవుతూ రాలేదు. గెంతే జన్యువు ఒకటి ప్రమాదవశాత్తు దూరడంతో మన దారి మొదలైంది. లాంప్రే వేరే సామగ్రితో అదే పని సాధించింది. కాడ్ మనం ప్రాణావసరం అనుకున్నదాన్ని వదిలి బతికింది. ఈనాటి చేప మన తాత కాదు, మనకు జ్ఞాతి. మనతోపాటు అది కూడా అన్ని కోట్ల ఏళ్లూ మారుతూనే వచ్చింది.

ఇప్పుడు నేను మెట్ల బొమ్మ గీయడం లేదు. నల్లబల్ల మీద ఒక చెట్టు గీస్తున్నాను. మనిషిని శిఖరాన పెట్టకుండా, లాంప్రేను ఒక కొమ్మ చివర, సొరచేపను ఒక కొమ్మ చివర, కాడ్‌ను, బంగారుతీగను, ఒంటెను, మనిషిని తలా ఒక కొమ్మ చివర రాస్తున్నాను. అన్ని చివరలూ ఒకే ఎత్తులో ఉంటాయి. మీ నోటు పుస్తకంలో మీరూ అటువంటి చెట్టును గీయండి. ఏ జన్యువు ఏ కొమ్మ మొదట్లో వచ్చిందో, ఏ కొమ్మ మీద పోయిందో గుర్తులు పెట్టండి. ఈ పాఠాన్ని గుర్తుపెట్టుకోవడానికి అంతకంటే మంచి పద్ధతి లేదు.